పెద్దయ్య కుదిర్చిన ఆఖరి సంబంధం

పెద్దయ్య పోయినప్పుడు నాకు అక్షరాలు రావు. వచ్చాక ఇంట్లో రాయనివ్వలేదు.

నారాయణగూడలో ఒక బడి వరండాలో సాయంత్రం పూట ఆడవాళ్ళకు చదువు చెప్పేవాళ్ళు. అక్కడ కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఒకరోజు టీచరమ్మ, మీకు తెలిసిన ఒకరి గురించి రాసుకు రండి అంది. పెద్దయ్య గురించి రాస్తానని ఇంట్లో చెప్పాను. అన్నం తింటున్న మా ఆయన చెయ్యి ఆపాడు.

"బిడ్డ పెండ్లి అయ్యేదాంక ఆ ముచ్చట కాయితం మీద పెట్టకు. మనం గిట్లాంటోళ్ళమని తెలిస్తే సంబంధానికి ఎవరొస్తరు?" అన్నాడు.

నిజమే అనిపించింది. ఆ రోజుకు ఆవు గురించి రాసుకుని వెళ్ళాను.

పోయిన నెల బిడ్డ పెళ్ళయింది. అప్పగింతలప్పుడు పాలపళ్ళెం తెచ్చి ముందు పెట్టగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా కొంగులు కళ్ళకద్దుకున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. వియ్యపురాలు ఇప్పటికీ నన్ను కొంచెం దూరం నుంచే పలకరిస్తుంది. ఎందుకు నవ్వానో ఆమెకైనా తెలియాలి కదా అని ఇప్పుడు కూర్చున్నాను.

పెద్దయ్య అసలు పేరు రాయను. ఆయన చిక్కడపల్లిలో పెళ్ళి సంబంధాలు కుదిర్చేవారు. పేరు రాస్తే తమ పెళ్ళి గురించి తగాదాకు వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. మేం పెద్దయ్య అనేవాళ్ళం.

మాది, ఆయనది ఒకే వాకిలి. వీధి వైపు గది ఆయనది. వెనక రేకుల గదులు మావి. మధ్యలో బోరింగు. మేం మహబూబ్‌నగర్ వైపు నుంచి పనికి వచ్చినవాళ్ళం. మా ఆయన టైల్స్ మేస్త్రి. పెద్దయ్యది గోదావరి వైపు. ఎప్పుడో ఆఫీసు ఉద్యోగం మీద వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఆయన మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నాకు చూసిపెట్టేవాడు దొరకలేదండీ" అనేవారు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవారు కాదు.

పెళ్ళిళ్ళు కుదిర్చే మనిషి ఇంట్లో ఉండకూడనిది ఏదైనా ఉందంటే అది పిల్లి. ఆయన ఇంట్లో రెండు ఉండేవి.

రెండూ ఆడవే, అక్కాచెల్లెళ్ళు. పెద్దది బూడిద రంగు, చిన్నది తెలుపు. ఆయన వాటిని పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అని పిలిచేవారు. సంబంధం మాట్లాడుకుని, మంచి గడియ చూసుకుని గడప దిగేవాళ్ళకు రెండింటిలో ఒకటి ఎదురొచ్చేది. వాళ్ళు వెనక్కి వచ్చి కూర్చునేవాళ్ళు. పెద్దయ్య మంచినీళ్ళు ఇచ్చేవారు. మళ్ళీ లేచి బయలుదేరితే రెండోది వచ్చేది.

"అది దాని పని మీద పోతోందండీ. మీరు మీ పని మీద వెళ్ళండి" అనేవారు.

కొందరు వెళ్ళేవాళ్ళు. కొందరు వేరే మధ్యవర్తిని చూసుకునేవాళ్ళు. ఎంతమంది చెప్పినా పిల్లుల్ని లోపల పెట్టి తలుపు వేసింది లేదు. "ఎదిగిన ఆడపిల్లల్ని గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే నలుగురూ ఏమనుకుంటారు" అనేవారు.

మా ఆయనకు ఇది రోజూ ఉండే బాధ. పొద్దున సంచీ భుజాన వేసుకుని బయటికి వస్తే బోరింగు దగ్గర పెద్దది కూర్చుని ఉండేది. ఈయన్ని చూడగానే లేచి అడ్డంగా నడిచేది. ఈయన వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ లేచేవాడు.

"సారూ, జర ఈ పిల్లుల్ని పట్టుకోరాదు? పనికి లేటయితుంది."

"నువ్వు వెనక్కి తిరిగావు కనక లేటయింది మేస్త్రీ. అది ఎదురొచ్చినందుకు కాదు."

"మీకేంది సారు, మీకు పనికి పోయేది లేదు."

"నాకూ వీటివల్లే సగం పని పోయింది. నేనేమైనా అన్నానా?"

లోపం ముందు చెప్పాలన్నది ఆయన పద్ధతి. సంచీలోంచి ఫోటో తీయకముందే చెప్పేవారు. "అబ్బాయికి గురక ఉంది. ఉద్యోగం మంచిది." "అమ్మాయికి కోపం ఎక్కువ. పెళ్ళయితే తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి." అబ్బాయి తండ్రి ఇంటిమీదికి వచ్చి కేకలేస్తే, "గురక మీవాడిది. నేను పెట్టింది కాదు కదండీ" అని కుర్చీ తుడిచి కూర్చోమనేవారు. ఇలా చెప్పి పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. కుదిరినవి మాత్రం నిలిచాయి. పెళ్ళయ్యాక తెలుసుకుని బాధపడడానికి ఆయన ఏమీ మిగల్చలేదు.

ఇంకో పద్ధతి చెప్పులు చూడడం. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గర ఆగి, బయట విడిచిన చెప్పులు చూసేవారు. మగవాళ్ళ చెప్పులు నీడలో ఉండి ఆడవాళ్ళవి ఎండలో ఉంటే, ఆ ఇంటికి పిల్లనివ్వొద్దని చెప్పేవారు. మా గుమ్మం ముందు కూడా ఒకసారి చూశారు. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మా ఆయన తన చెప్పులు ఎండలో విడిచేవాడు.

ఫోన్లలో సంబంధాలు చూసుకోవడం వచ్చాక ఆయన దగ్గరికి జనం తగ్గారు. ఫోన్లో ఎవరికీ గురక ఉండదు. ఆయన నారాయణగూడ దాకా నడిచి వెళ్ళి, టీ తాగి, తిరిగి వచ్చి పిల్లులతో మాట్లాడుతూ కూర్చునేవారు. తర్వాత కాళ్ళు వాచాయి. నడక ఆగింది. గుండె సరిగ్గా పని చేయడం లేదన్నారు. కాకినాడలో ఉన్న మేనల్లుడు, మా దగ్గరికి వచ్చెయ్ మావయ్యా అన్నాడు. మేనల్లుడి భార్యకు ఆయాసం. పిల్లి బొచ్చు పడదు.

మా అందరికీ గదులు అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి వాకిట్లో నిలబడి చెప్పాడు. "సారూ, మీరు పోయినంక ఇవి నాకొద్దు. గోనె సంచిల ఏసి లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు ఇడిసిపెట్టిపిస్త. ఎనక నన్ను అనొద్దు, ముందే చెప్తున్న."

ముందే చెప్పినందుకు పెద్దయ్య ఆయనకు కాఫీ ఇచ్చారు.

అలా పిల్లులకు సంబంధాలు చూడడం మొదలైంది. మేనల్లుడు కారు తీసుకుని వచ్చేలోపు కుదరాలి. అక్కాచెల్లెళ్ళను విడదీయకూడదు, ఇద్దరూ ఒకే ఇంటికి వెళ్ళాలి. మిగతా విషయాల్లో మాకేం పట్టింపు లేదన్నారు. పట్టింపు లేదనేవాళ్ళను ఆయనే ఎప్పుడూ నమ్మేవారు కాదు.

మొదట హైదర్‌గూడ నుంచి భార్యాభర్తలు కార్లో వచ్చారు. పెద్దయ్య వాళ్ళ చెప్పులు చూసి పరవాలేదన్నట్టు తల ఊపారు. ఆమె తెల్లదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "మాకిది చాలండీ. ఎంత బాగుందో" అంది.

"పెద్దదాని సంగతేమిటమ్మా?"

"అదీ... కొంచెం రంగు తక్కువ కదండీ."

పెద్దయ్య లేచి నిలబడ్డారు. ఆ మాట ఆయన ఎన్ని ఇళ్ళలో విని, ఏమీ అనకుండా గొడుగు తీసుకుని బయటికి వచ్చారో నాకు తెలియదు. "ఇంటికి వెళ్ళి కబురు చేస్తాం అనడం మర్యాద. కానీ ఇది నా ఇల్లే కనక ఇప్పుడే చెప్పేస్తున్నాను. సంబంధం మాకు నచ్చలేదండీ" అన్నారు.

తర్వాత అశోక్‌నగర్ హాస్టల్లో ఉండే కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు. రెండింటినీ తీసుకుంటామన్నారు.

"ఉద్యోగం?"

"గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నం సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నోటిఫికేషన్ పడాలె సార్" అన్నాడు ఒకడు.

"పడ్డాక రండి నాయనా."

గేటు దాటుతూ రెండోవాడు అన్నాడు. "ఈడ గూడ ఇంటర్వ్యూలనే పోయింది రా."

ఇక మా సంగతి. మా బిడ్డ అప్పుడు డిగ్రీ చదివేది. రేకుల గదిలో ఎలుకలు దాని పుస్తకాలు కొరికేవి.

"నాయనా, మనం తెచ్చుకుందాం."

"పొద్దుగాల లేస్తే దాని మొకం సూడొద్దని నేను పరేషాన్ అయితుంటే, ఇంట్ల తెచ్చి పెట్టుకుంటవా?"

"ఇంట్లుంటే ఎదురెట్లొస్తది? ఎనక నుంచే గదా వచ్చేది."

"నువ్వు డిగ్రీ గిదే సదువుతున్నవా?"

నన్నెవరూ అడగలేదు. ఆదివారం చేపలు కడిగినప్పుడు తలకాయలు బోరింగు పక్కన పెట్టేదాన్ని. ఎవరి కోసమని అది కూడా ఎవరూ అడగలేదు.

బిడ్డ పోరు పడలేక, చూడడానికైతే వస్తానని మా ఆయన ఒప్పుకున్నాడు. పెద్దయ్య చాలా సంతోషపడి, మంచి రోజు చూసి చెప్పారు. ఒక షరతు పెట్టారు. బోరింగు పక్క నుంచి రాకూడదు. పెళ్ళిచూపులకు పెరటి దారిన ఎవరూ రారు. అందుకని మేం ఉతికిన బట్టలు కట్టుకుని, ఆయన గుమ్మం ముందు నుంచే గేటు దాటి వీధిలోకి వెళ్ళి, కాసేపు నిలబడి, తిరిగి లోపలికి వచ్చాం. ఆయన గుమ్మంలోకి ఎదురొచ్చి, "రండి రండి, ఇల్లు కనుక్కోవడం కష్టమైందా?" అన్నారు.

"లేదు సారు" అన్నాడు మా ఆయన.

చాప పరిచి ఉంది. పళ్ళేల్లో మైసూరుపాకు, కారప్పూస పెట్టారు. పిల్లులు మంచం మీద ఉన్నాయి. చిన్నది నిద్రపోతోంది. పెద్దది మా ఆయన్నే చూస్తోంది.

"అలవాట్లు ఏమైనా ఉన్నాయా మేస్త్రీ?"

"ఐతారం కల్లు సారు."

"ఆదివారం ఒక్కరోజేనా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. పెద్దయ్య ఇంకేమీ అడగకుండా తన వైపు లోపాలు చెప్పడం మొదలుపెట్టారు. "పెద్దమ్మాయి తెల్లవారకముందే లేస్తుంది. లేచి పడుకున్నవాళ్ళ మొహం మీద కూర్చుంటుంది. పాలగిన్నె మీద మూత ఉంటే తీస్తుంది. చిన్నమ్మాయి నెమ్మది. కానీ ఎలుకల్ని పట్టదు."

"పట్టదా?" అంది మా బిడ్డ.

"ఎలుక వస్తే పక్కకు తప్పుకుంటుంది."

"మరి పెద్దది పడ్తదా తాతా?"

"చిన్నప్పుడు ఒకసారి పట్టిందని విన్నాను. నేను చూడలేదు. చూడంది చెప్పను."

మా ఆయన మైసూరుపాకు ముక్క కింద పెట్టాడు. "ఎలుకల్ని పట్టయి. పాలు తాగుతయి. మొకం మీద కూసుంటయి. మరెందుకు సారు ఇవి?"

"ఎందుకు అని ఇన్నేళ్ళలో నేనెవర్నీ అడగనివ్వలేదు మేస్త్రీ. అడగనిస్తే ఒక్క పెళ్ళీ అయ్యేది కాదు."

 తర్వాత మా ఆయన లేచి, "ఇంటికి పోయి ఆలోచన చేసి కబురు చేస్తం సారు" అన్నాడు.

ఆ మాటకు అర్థం ఆయనకు తెలియనిది కాదు. "అలాగే" అన్నారు. మమ్మల్ని గేటు దాకా సాగనంపారు. మేం వీధిలో కాసేపు నిలబడి, లోపలికి వచ్చి, ఆయన గుమ్మం ముందు నుంచే మా గదికి పోవాలి కదా. ఆయన కుర్చీలో అటు తిరిగి కూర్చున్నారు. మమ్మల్ని చూడలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున పెద్దయ్య లేవలేకపోయారు. మా ఆయనే ఎత్తుకుని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గేటు దగ్గర పిల్లి ఎదురొచ్చింది. మా ఆయన ఆగలేదు. మూడోనాడో నాలుగోనాడో ఇంటికి పంపించారు. మేనల్లుడు ఆదివారం వస్తానని ఫోన్ చేశాడు. ఇంటాయన గోనె సంచీ ఒకటి తెచ్చి మెట్ల కింద పెట్టాడు.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. సంబంధం ఖాయం చేసుకోవాలంటే అబ్బాయి తరపువాళ్ళు పూలూ పండ్లూ తీసుకుని అమ్మాయి ఇంటికి పోతారు. దాన్ని పూలుపండ్లు అనే అంటాం. అవి తీసుకున్నారంటే ఇక మాట తిరగదు. పెద్దయ్య గోదావరి మనిషే అయినా, మావాళ్ళ పెళ్ళిళ్ళు కూడా ఎన్నో చేసినవారు కనక ఆయనకిది బాగా తెలుసు.

ఆ గురువారం మా ఆయన పని నుంచి వస్తూ రోగిని చూడడానికి ఉత్త చేతులతో ఎట్లా పోతామని నారాయణగూడ మార్కెట్లో ఆపిల్స్, అరటిపండ్లు కొన్నాడు. మర్నాడు శుక్రవారం పూజకు నేను చెప్పిన చామంతులు కూడా అక్కడే కొన్నాడు. అన్నీ ఒకే సంచీలో వేయించుకున్నాడు. వచ్చే దారిలో ముందు పెద్దయ్య గదే కదా, అక్కడ ఆగాడు. ఇంటికి వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు.

"పూలేవి?" అన్నాను.

"ఖాయమైంది" అన్నాడు.

"ఏంది?"

"సంబంధం."

"ఎవరిది?"

"మనదే."

గోడకు ఆనుకుని కూర్చుని చెప్పాడు. పెద్దయ్య సంచీ అందుకుని, లేవలేని మనిషి లేచి కూర్చుని, పండ్లు పళ్ళెంలో పెట్టి, చామంతులు వాటి మీద పెట్టి, "ఇంత పద్ధతిగా వస్తావనుకోలేదు మేస్త్రీ" అన్నారట.

"నేను చెప్పిన. సారూ, పండ్లు మీకు, పూలు మా ఇంటిదానికి అని చెప్పిన. ఇంటాయన్ని పిలిచి సాక్ష్యం నిలబెట్టిండు. అరటిపండు ఒలిచి నోట్ల పెట్టుకున్నడు. ఇగ నేనేం జేద్దు?"

"పోయి వద్దని చెప్పరాదు?" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు.

"పూలుపండ్లు పోయినంక మాట తప్పుతమా? రేపు బిడ్డ సంబంధానికి మనల్నెవరు నమ్ముతరు?"

మా బిడ్డ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దయ్యకు తెలిసే అలా చేశారా, మందుల మత్తులో పొరబడ్డారా అని ఇప్పటికీ అడుగుతుంది. నాకు తెలియదు. గోనె సంచీ మాత్రం ఇంటాయన ఆ సాయంత్రమే తీసేశాడు.

ఆదివారం మేనల్లుడు వచ్చాడు. సామాను కార్లో పెట్టాక పెద్దయ్య నన్ను పిలిచి, వెడల్పు పళ్ళెంలో పాలు తెమ్మన్నారు. అప్పగింతలు పెట్టారు. మా ఆయన కింద కూర్చున్నాడు. పెద్దయ్య పెద్దదాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని ముందు కాలు పాలలో ముంచి మా ఆయన చేతిలో పెట్టారు. చిన్నదాని కాలు కూడా అలాగే పెట్టారు.

"తల్లిలేని పిల్లలు. తెలిసీ తెలియక ఏదైనా తప్పు చేస్తే కడుపులో పెట్టుకోండి" అన్నారు.

అది ప్రతి పెళ్ళిలో ఆడపిల్ల తరపువాళ్ళు అనే మాటే. ఆ మాట దగ్గర జనం ఏడుస్తుంటే, ఆటో నిలబడి ఉందని గొడుగుతో నేల మీద కొట్టే మనిషి పెద్దయ్య. ఆ రోజు ఆయన మా ఆయన చెయ్యి వదలలేదు. మేనల్లుడు గేటు దగ్గర నుంచి, "మావయ్యా, కారు ఆగి ఉంది" అన్నాడు.

"ఉండనీరా" అన్నారు.

పిల్లులు పళ్ళెంలో తలలు పెట్టి పాలు తాగుతున్నాయి. రెండూ అవి అయిపోయేదాకా తల ఎత్తలేదు. అప్పటికి కారు వీధి దాటిపోయింది.

ఆ తర్వాత వారానికొకసారి ఫోన్ వచ్చేది. "పిల్లలెలా ఉన్నారు?" అనేవారు. మా ఆయన ఫిర్యాదులన్నీ వరసగా చెప్పేవాడు. పెద్దది పాలు పారబోసింది. మొకం మీద కూసుంటది. చిన్నది ఎలుకను చూసి మంచమెక్కింది.

"అన్నీ ముందే చెప్పాను మేస్త్రీ."

"చెప్పిండ్రు సారు. కాదంటలేను."

అప్పుడు ఫోన్ పెద్దదాని చెవి దగ్గర పెట్టమనేవారు. మా ఆయన పెట్టేవాడు. అవతల ఏం చెప్పేవారో మాకు వినపడేది కాదు. పిల్లి కాసేపు విని లేచిపోయేది. పొద్దున పిల్లిని చూసి వెనక్కి తిరుగుడు, నీళ్ళు తాగుడు మా ఆయన మానేశాడు. మన ఇంటి మనిషి ఎదురొస్తే లెక్క లేదని ఆయనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వేరేవాళ్ళ పిల్లి ఎదురొస్తే ఇప్పటికీ వెనక్కి వస్తాడు.

చలికాలం ఒక సాయంత్రం ఫోన్ మోగితే, పెద్దయ్యే అనుకుని మా ఆయన ముందే "పెద్దది మంచిగున్నది సారు" అన్నాడు. అవతల మేనల్లుడు. పొద్దున్న పోయారట. అన్నీ అయిపోయాయట. చెప్పాల్సినవాళ్ళు హైదరాబాదులో మీరే ఉన్నారని చేశానన్నాడు.

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని చాలాసేపు పిల్లుల వైపు చూస్తూ కూర్చున్నాడు. చిన్నది ఆయన కాలి మీద తల పెట్టి పడుకుంది. కాలు కదిలించలేదు.

"రేపు పొద్దుగాల వీటికి నీళ్ళు పొయ్యి" అన్నాడు.

"పిల్లులకా?"

"తండ్రి పోతే ఆడివిల్లలకు తానం ఉంటది గదా. పెండ్లయి ఏ ఇంటికి పోయినా ఉంటది."

"చలి గదా. అవి ఊకుంటయా?"

"ఊకోకున్నా పొయ్యాలె. ఆయనకు ఇంకెవరున్నరు?"

మర్నాడు పొద్దున్నే లేచి బకెట్లో హీటర్ పెట్టి నీళ్ళు కాచాను. కొంగు బొడ్లో దోపుకుని, బోరింగు పక్కన కూర్చుని, ముందు పెద్దదానికి, తర్వాత చిన్నదానికి తల మీద నుంచి పోశాను.